ముందు పిండండి, తర్వాత నీళ్ళు పోయండి

ప్రశ్న: మేం తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీకి దగ్గర్లో ఆడపిల్లల కోసం చిన్న హాస్టల్ నడుపుతున్నాం. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి మేమే ఉతికించి ఇస్తాం. ఎండాకాలం వచ్చిందంటే ట్యాంకర్ నీళ్ళే గతి. అందుకని సబ్బు పోయేలా జాడించడానికి ఒక్కో విడత బట్టలకు 12 లీటర్లకు మించి వాడకూడదని పెట్టుకున్నాం. గొడవంతా ఇక్కడే. ‘ఎలా పోసినా 12 లీటర్లు 12 లీటర్లే, ఒకేసారి పోసి జాడించేస్తే పనైపోతుంది’ అంటారు మా ఆయన. ‘నాలుగేసి లీటర్ల చొప్పున మూడుసార్లు పోయాలి’ అంటాడు బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్న మా అబ్బాయి. బట్టలుతికే ఆమె మాత్రం ‘కొళాయి కింద పెట్టి ధార వదిలేస్తేనే సబ్బు పోతుందమ్మా’ అంటుంది. వీళ్ళలో ఎవరు కరెక్టు?

ఇంకొక సందేహం కూడా ఉంది. మావాడి పుస్తకంలో ఒక లెక్క చూశాను. క్యాను నిండా 40 లీటర్ల పాలు. 4 లీటర్లు తీసి 4 లీటర్ల నీళ్ళు పోస్తారు. అలా మూడుసార్లు చేస్తే పాలెన్ని మిగులుతాయి అని. నేను 28 అన్నాను, పుస్తకంలో 29.16 అని ఉంది. ఇదీ మన దుప్పట్ల లెక్కేనమ్మా అంటాడు వాడు. మరి దుప్పట్లలో కొంచెం కొంచెంగా చేస్తే సబ్బు ఎక్కువ పోతుందట, పాలలో కొంచెం కొంచెంగా చేస్తే పాలు తక్కువ పోతున్నాయి. రెండూ ఒకే లెక్క ఎలా అవుతాయి?

— ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: తగాదాకు తీర్పు ముందే చెప్పేస్తానమ్మా. మీ అబ్బాయి చెప్పింది కరెక్టు. మీ ఆయన చెప్పింది తప్పు. కొళాయి ధార మీ ఆయన పద్ధతి కంటే కాస్త మెరుగు, అంతకు మించి ఏమీ లేదు. అయితే ఈ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది మీ చివరి ప్రశ్న. ఒకచోట లాభమైన పద్ధతి ఇంకోచోట నష్టం ఎందుకైందో తెలిస్తే, మీ అబ్బాయి చెప్పినదానికంటే మంచి దారి ఒకటి కనిపిస్తుంది. ఆ దారిలో 12 లీటర్లు కూడా అక్కర్లేదు.

ముందు దుప్పట్ల సంగతి చూద్దాం. ఉతికి చేత్తో ఎంత గట్టిగా పిండినా బట్టలో కొన్ని సబ్బు నీళ్ళు ఉండిపోతాయి. ఒక విడత బట్టల్లో అవి 2 లీటర్లు అనుకుందాం. మీ ఇంట్లో నిజంగా ఎన్ని ఉంటాయో తెలుసుకునే ఉపాయం తర్వాత చెబుతాను. వాటి మీద 12 లీటర్లు ఒకేసారి పోస్తే మొత్తం 14 లీటర్లు అవుతాయి. బాగా జాడిస్తే సబ్బు ఆ 14 లీటర్లలోనూ సమానంగా కలుస్తుంది. మళ్ళీ పిండితే 12 లీటర్లు బయటికొస్తాయి, 2 లీటర్లు బట్టలోనే ఉంటాయి. 14లో 2 అంటే 7వ వంతు. మొదట ఉన్న సబ్బులో 7వ వంతు ఇంకా దుప్పట్లోనే ఉంది.

అదే 12 లీటర్లను ఆరేసి లీటర్లుగా రెండుసార్లు పోయండి. మొదటిసారి మొత్తం 8 లీటర్లు, పిండాక 2 మిగులుతాయి కాబట్టి సబ్బు 4వ వంతుకు తగ్గింది. రెండోసారి అందులో మళ్ళీ 4వ వంతు. అంటే 16వ వంతు. మీ అబ్బాయి చెప్పినట్టు నాలుగేసి లీటర్లు మూడుసార్లు పోస్తే ప్రతిసారీ 6 లీటర్లలో 2 మిగులుతాయి. మూడో వంతులో మూడో వంతులో మూడో వంతు, 27వ వంతు. మీ ఆయన పద్ధతిలో ఉండిపోయే సబ్బుకూ దీనికీ దాదాపు నాలుగు రెట్లు తేడా. ఒక్క చుక్క నీళ్ళు కూడా అదనంగా ఖర్చు కాలేదు.

మరి ఇంకా చిన్న భాగాలు చేస్తే? మూడేసి లీటర్లు నాలుగుసార్లు అయితే 39వ వంతు. రెండేసి ఆరుసార్లు అయితే 64వ వంతు. లీటరు చొప్పున పన్నెండుసార్లు పోస్తే దాదాపు 130వ వంతు. చెంచాలతో కొలిచి పోసుకుంటూ, ప్రతిసారీ పిండుకుంటూ పోయినా సరే, 403వ వంతు కంటే కిందికి దిగదు. ఈ 403 ఎక్కడిదో మీ అబ్బాయికి చెప్పండి. పన్నెండును రెండుతో భాగిస్తే 6. గణితంలో ‘ఈ’ (e) అనే సంఖ్య ఉంది, విలువ సుమారు 2.718. దాన్ని ఆరుసార్లు వేసి గుణిస్తే 403 వస్తుంది.

ఆ సంఖ్య మొదట కనపడింది వడ్డీ లెక్కల్లోనే. 1683లో జేకబ్ బెర్నూలీ అనే స్విస్ గణిత శాస్త్రవేత్త చక్రవడ్డీ గురించి ఆలోచిస్తూ దీని దగ్గరికి వచ్చాడు. ఏడాదికి నూటికి నూరు వడ్డీ అనుకోండి. ఏడాది చివర ఒకేసారి కడితే రూపాయి రెండు రూపాయలవుతుంది. ఆరు నెలలకోసారి అసలులో కలిపితే 2.25, నెలనెలా కలిపితే 2.61, రోజూ కలిపితే 2.71. ఎంత తరచుగా కలిపినా 2.718 దాటదు. మీ బకెట్లో జరిగేదీ ఇదే లెక్క, పెరిగే బదులు తరుగుతుంది. బ్యాంకు పరీక్షకు చదివే కుర్రాడికి చక్రవడ్డీ, దుప్పటి ఒకే సూత్రం అని తెలిస్తే రెండు చాప్టర్లు ఒకటైపోతాయి.

భాగాలు సమానంగా ఉండాలా అని మీ ఆయన తప్పకుండా అడుగుతారు. ఉంటే మంచిది. 6, 6గా పోస్తే 16వ వంతు. 8, 4గా పోస్తే 15వ వంతు. 10, 2గా పోస్తే 12వ వంతు. చుట్టుకొలత ఒకటే అయిన నాలుగు మూలల స్థలాల్లో నలుచదరం స్థలానికే వైశాల్యం ఎక్కువ అని బళ్ళో చెబుతారు కదా, కారణం అదే. కానీ 8, 4 చేసినా పోయేది కొంచెమే కాబట్టి, కొలత చెంబు పట్టుకుని బట్టలుతికే ఆమె వెంట పడొద్దు.

ఇప్పుడు కొళాయి ధార సంగతి. పిండిన బట్టను టబ్బులో వేసి 6 లీటర్లు పోశారు, మొత్తం 8 అయ్యాయి. టబ్బు నిండింది. ఇక పిండకుండా మిగతా 6 లీటర్లు ధారగా వదిలారు, పై నుంచి పొర్లిపోతోంది. చూడ్డానికి బాగుంటుంది, నురగ బయటికి పోతుంటుంది. లెక్క కడితే చివర మిగిలే సబ్బు సుమారు ఎనిమిదిన్నరవ వంతు. అవే నీళ్ళతో మధ్యలో ఒక్కసారి పిండి ఉంటే 16వ వంతు అయ్యేది. ఎందుకంటే ధారగా వచ్చే శుభ్రమైన నీళ్ళు టబ్బులోని సబ్బు నీళ్ళతో కలిసి, వాటితో పాటే పొర్లిపోతున్నాయి. డబ్బులిచ్చి కొన్న ట్యాంకర్ నీళ్ళు సగం పని కూడా చేయకముందే కాలవలోకి పోతున్నాయన్నమాట. ధార పడుతుంటే శుభ్రం అవుతోందన్న నమ్మకం మనుషులకు గట్టిగా ఉంటుంది, ఆమెను తప్పు పట్టలేం.

ఇక పాల క్యాను. (ఈ పరీక్షల పుస్తకాలు రాసేవాళ్ళకు కల్తీ పాలు తప్ప వేరే సరుకే దొరకదు ఎందుకో.) మొదటి 4 లీటర్లు తీసినప్పుడు వచ్చేవి చిక్కటి పాలు, 36 లీటర్లు మిగిలాయి. నీళ్ళు పోశాక రెండోసారి తీసిన 4 లీటర్లలో పాలు 3.6 లీటర్లే, మిగతా 0.4 లీటరు ముందు పోసిన నీళ్ళే. పాలు 32.4కి వచ్చాయి. మూడోసారి తీసినప్పుడు పాలు 3.24, నీళ్ళు 0.76. మిగిలినవి 29.16 లీటర్లు. పుస్తకంలోని జవాబు సరైనదే. మీరన్న 28 కూడా ఊరికే వచ్చిన అంకె కాదు. ముందు 12 లీటర్ల పాలు తీసి పక్కన పెట్టి, తర్వాత 12 లీటర్ల నీళ్ళు ఒకేసారి పోస్తే మిగిలేది సరిగ్గా 28.

కొంచెం కొంచెంగా తీసిన మనిషి 12 లీటర్ల నీళ్ళు పోసి 10.84 లీటర్ల పాలే పట్టుకుపోయాడు. అతను పోసిన నీళ్ళలో 1.16 లీటర్లు అతని చెంబులోకే తిరిగి వచ్చాయి. ఒకేసారి తీసినవాడికి ఆ నష్టం లేదు, ఎందుకంటే వాడు నీళ్ళు కలవకముందే తీసుకున్నాడు.

మీ ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. దుప్పట్లోనూ క్యానులోనూ మనకు నష్టం తెచ్చేది కలవడమే. కలవకముందు ఎంత తీయగలిగితే అంత తీసేయాలి. పాలలో ఆ అవకాశం మొదటే ఉంది, 12 లీటర్లూ చిక్కగా తీయొచ్చు. దాన్ని మూడు ముక్కలు చేసినవాడు మధ్యలో కలిపి చెడగొట్టుకున్నాడు. దుప్పట్లో చివరి 2 లీటర్లు చేతికి రావు, కలిపితే తప్ప బయటికి రావు. అందుకని కలిపిన ప్రతిసారీ పూర్తిగా పిండేసి, ఆ మురికి వెళ్ళిపోయాకే తర్వాతి శుభ్రమైన నీళ్ళు రానివ్వాలి. ఒకేసారి 12 పోసినప్పుడు చివరి లీటరు నీళ్ళు కూడా, మొదటి నాలుగు లీటర్లతోనే బయటికి పోగల సబ్బుతో కలిసిపోతున్నాయి. మూడుసార్లు పోయడంలో ఉన్న మంచి అంతా మధ్యలో పిండే రెండు పిండుళ్ళలో ఉంది. పిండకుండా మూడుసార్లు పోస్తే అది ఒకసారి పోసినట్టే.

అలాగైతే ముందు చూసుకోవాల్సింది ఎన్నిసార్లు పోశాం అన్నది కాదు, ఎంత బాగా పిండాం అన్నది. మీ దగ్గర సెమీ ఆటోమేటిక్ మెషిన్ ఉంటే దాని డ్రయ్యర్‌ను అందరూ ఆఖర్న, ఆరేసే ముందు వాడతారు. మీరు ఉతికిన వెంటనే, జాడించే ముందు కూడా ఒకసారి తిప్పండి. బట్టలో 2 లీటర్లకు బదులు 1 లీటరే మిగిలిందనుకోండి. అప్పటికే సగం సబ్బు పోయింది, ఒక్క గ్లాసు నీళ్ళు ఖర్చు కాకుండా. తర్వాత నాలుగేసి లీటర్లు మూడుసార్లు పోసి ప్రతిసారీ డ్రయ్యర్లో తిప్పితే ప్రతిసారీ 5వ వంతు, మూడింటికి 125వ వంతు. మొదటి సగంతో కలిపితే 250వ వంతు. చేత్తో పిండినప్పుడు వచ్చింది 27. దుప్పటికి 250 అక్కర్లేదు, 30వ వంతుకు వస్తే చాలని నా ఉద్దేశం. కాబట్టి మూడేసి లీటర్లు రెండుసార్లు పోయండి. 4వ వంతులో 4వ వంతు, దాంట్లో సగం. 32వ వంతు. మొత్తం 6 లీటర్లు. మీ అబ్బాయి పద్ధతికి పట్టేదాంట్లో సగం నీళ్ళతో అంతకంటే శుభ్రంగా వస్తాయి. డ్రయ్యర్ నుంచి మొదటిసారి వచ్చిన సబ్బు నీళ్ళు పారబోయకండి. తర్వాతి విడత ఉతకడానికి పనికొస్తాయి, లేదా గుమ్మం పట్టాలకూ మసిగుడ్డలకూ వాడుకోవచ్చు.

మీ బట్టల్లో నిజంగా ఎన్ని నీళ్ళు మిగులుతున్నాయో కనుక్కోవడం తేలిక. కూరగాయలు తూచే వేలాడే త్రాసు ఉంటే చాలు. ఒక విడత బట్టలు పొడిగా ఉన్నప్పుడు తూచండి, పిండాక తూచండి. తేడా ఎన్ని కిలోలైతే అన్ని లీటర్లు. చేత్తో పిండినప్పుడు ఒకసారి, డ్రయ్యర్లో తిప్పాక ఒకసారి చూస్తే మీ మెషిన్ ఎంత పని చేస్తోందో తెలిసిపోతుంది. ఇంట్లో వాదనలకు త్రాసు మంచి పెద్దమనిషి.

ఇక హాస్టల్ కాబట్టి మీకు ఇంకో వసతి ఉంది. మామూలు ఇంట్లో ఒక విడతతో పని అయిపోతుంది, మీకు వరసగా చాలా విడతలు ఉంటాయి. రెండో విడత, మూడో విడత ఉన్నప్పుడు ఒకసారి జాడించిన నీళ్ళను వెంటనే పారబోయడం దండగ. మూడోసారి జాడించిన నీళ్ళు చూడండి, దాదాపు తేటగా ఉంటాయి. అప్పుడే ఉతికిన బట్ట ముందు అవి గంగాజలంతో సమానం.

మూడు టబ్బులు పెట్టండి. ఒక్కోదాంట్లో 6 లీటర్లు. డ్రయ్యర్ లేదనే అనుకుందాం, బట్టలో 2 లీటర్లు మిగులుతాయి. ఉతికిన బట్ట మొదటి టబ్బులో జాడించి పిండి, రెండోదాంట్లో జాడించి పిండి, మూడోదాంట్లో జాడించి పిండి బయటికి. ఆ విడత అయ్యాక మొదటి టబ్బు నీళ్ళు మాత్రమే పారబోయండి. అందులో 6 లీటర్లు కొత్త నీళ్ళు పట్టండి. ఇప్పుడది మూడో టబ్బు. ఇందాకటి రెండోది మొదటిదవుతుంది, మూడోది రెండోదవుతుంది. నీళ్ళు ఎత్తి పోయక్కర్లేదు, వరస మార్చుకుంటే చాలు. బట్ట ఎప్పుడూ మురికి టబ్బు నుంచి శుభ్రమైన టబ్బు వైపు నడుస్తుంది, నీళ్ళు శుభ్రం నుంచి మురికి వైపు ఎదురు వస్తాయి. చివరి జాడింపు ఎప్పుడూ కొత్త నీళ్ళలోనే జరుగుతుంది. దీన్ని మాత్రం ఎవ్వరూ తప్పకూడదు.

ఫలితం ఎంతో మీ అబ్బాయి వెనక నుంచి లెక్క కట్టాలి. పని గాడిన పడ్డాక, మూడో టబ్బులోంచి బయటికొచ్చే బట్టలోని నీళ్ళ చిక్కదనం 1 అనుకోమనండి. ఆ టబ్బులోకి కొత్త నీళ్ళు 6, బట్టతో వచ్చినవి 2, కలిస్తే 8 లీటర్లు చిక్కదనం 1తో ఉన్నాయి. కాబట్టి బట్టతో వచ్చిన 2 లీటర్ల చిక్కదనం 4 అయి ఉండాలి. రెండో టబ్బుకు ఇదే చేస్తే 13 వస్తుంది, మొదటిదానికి చేస్తే 40. 1, 4, 13, 40. ముందున్నదాన్ని మూడుతో గుణించి ఒకటి కలిపితే తర్వాతిది వస్తోంది. అంటే 40వ వంతు సబ్బు మిగులుతుంది, విడతకు 6 లీటర్లతో. మొదటి విడతకు మూడు టబ్బులూ నింపాలి కాబట్టి 18 లీటర్లు పడతాయి, ఆ విడత ఇంకా శుభ్రంగా 64వ వంతు వస్తుంది. తర్వాత క్రమంగా 40 దగ్గర నిలబడుతుంది. పది విడతలు ఉంటే మొత్తం 72 లీటర్లు. ఇప్పుడు మీరు వాడుతున్నది 120.

ఇందాక 403 దాటదని ఒక హద్దు చెప్పాను. అది నీళ్ళను ఒక్కసారి వాడి పారేసేవాళ్ళకే. విడతకు 12 లీటర్లు చొప్పున ఇలా ఎదురు వరసలో నాలుగు టబ్బులు తిప్పితే 1555వ వంతు వస్తుంది. దుప్పట్లకు అదంతా వేస్టు, కానీ హద్దు ఎక్కడ విరిగిందో మీ అబ్బాయి ఆలోచించదగ్గ విషయమే.

చిత్తూరు వైపు వాళ్ళకు ఇది కొత్త పద్ధతేమీ కాదు. చిత్తూరులోనూ రేణిగుంట దగ్గర గాజులమండ్యంలోనూ సహకార చక్కెర ఫ్యాక్టరీలు నడిచిన రోజుల్లో చెరుకు ఒక్క మిల్లులో నలిగి బయటపడేది కాదు. వరసగా కొన్ని మిల్లుల గుండా పోయేది. మిల్లులతో నడిచే చక్కెర ఫ్యాక్టరీల్లో మామూలుగా అంతే. వేడి నీళ్ళు చిమ్మేది చివరి మిల్లుకు ముందు, అప్పటికి దాదాపు ఎండిన పిప్పి మీద. అక్కడ వచ్చిన పల్చటి రసాన్ని దానికి ముందు మిల్లు దగ్గరి పిప్పి మీద చిమ్ముతారు. అక్కడి రసాన్ని ఇంకా ముందుకు. పిప్పి ఇటు, నీళ్ళు అటు. పోసిన ప్రతి లీటరునూ తర్వాత మరగబెట్టి ఆవిరి చేయాలి కాబట్టి వాళ్ళకు నీళ్ళు పొదుపు చేయాల్సిన అవసరం మీకంటే ఎక్కువ. ఊళ్ళో బెల్లం గానుగ దగ్గర ఈ ఏర్పాటు ఉండదు, అందుకే ఆ పిప్పిలో తీపి ఎక్కువ ఉండిపోతుంది. ఆస్పత్రిలో కిడ్నీ రోగులకు చేసే డయాలిసిస్‌లోనూ రక్తం ఒకవైపు, శుభ్రం చేసే ద్రవం ఎదురువైపు ప్రవహిస్తాయి. అక్కడ రెండిటి మధ్యా పల్చటి పొర ఉంటుంది, మీ టబ్బుల్లో ఆ పని మనిషి చేయి చేస్తుంది.

కొన్ని జాగ్రత్తలు. నేను చేసిన లెక్కంతా సబ్బు నీళ్ళలో పూర్తిగా కలిసిందనే నమ్మకం మీద నడిచింది. బట్ట మునగనంత తక్కువ నీళ్ళు పోస్తే ఆ నమ్మకం చెల్లదు. లీటరు చొప్పున పన్నెండుసార్లు అన్నది కాగితం మీదే, దుప్పటి మొత్తం మునగడానికే ఆ లీటరు చాలదు. డ్రయ్యర్, మూడు టబ్బులు రెండూ కలిపితే విడతకు 3 లీటర్లు చాలని లెక్క చెబుతుంది. కానీ 3 లీటర్లలో దుప్పట్లు కదలవు. 6 దగ్గర ఆగండి. ఇంకొకటి, సబ్బు నూలు పోగుల్లో పట్టుకుని నెమ్మదిగా బయటికొస్తుంది. ముంచి వెంటనే తీసేయకుండా రెండు మూడు నిమిషాలు నాననిచ్చి జాడించండి.

మీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే మొదటి విడతకు ముందు రెండు టబ్బులూ వాటితో నింపుకుని, కొన్న నీళ్ళు ఎప్పుడూ చివరి టబ్బుకు ఉంచుకోండి. ఉప్ప నీళ్ళలో సబ్బు బిళ్ళ వాడితే తెల్లటి తెట్టు కట్టి బట్టకు పట్టుకుంటుంది, అది జాడిస్తే పోయేది కాదు. అలాంటిచోట డిటర్జెంట్ పొడి నయం. హాస్టల్లో ఎవరికైనా చర్మం దురద పెడుతోందంటే వాళ్ళ బట్టల్ని వరసలో కలపకుండా విడిగా, కొత్త నీళ్ళలో జాడించండి. లెక్క సబ్బు గురించి చెప్పిందే గానీ ఒకరి బట్టలోంచి ఇంకొకరి బట్టలోకి పోయేవాటి గురించి చెప్పలేదు.

ఈ సమాధానం చదివే మామిడి రైతులకు ఒక మాట. పురుగు మందు సీసా ఖాళీ అయ్యాక మూడుసార్లు కడగాలని చెప్పేది ఈ లెక్క వల్లే. లీటరు సీసాలో బోర్లించాక 20 మిల్లీలీటర్ల మందు అంటుకుని ఉందనుకోండి. 750 మిల్లీలీటర్ల నీళ్ళు ఒకేసారి పోసి కడిగి వంపేస్తే 38వ వంతు మందు ఇంకా లోపలే ఉంటుంది. అవే నీళ్ళు 250 చొప్పున మూడుసార్లు పోసి, ప్రతిసారీ మూత పెట్టి బాగా ఊపి, పూర్తిగా వంపితే 2460వ వంతు. కడిగిన నీళ్ళు కాలవలో పోయకుండా స్ప్రే ట్యాంకులోనే పోసేయాలి, మందు కూడా కలిసొస్తుంది. తర్వాత సీసాకు చిల్లు పెట్టేయాలి. 2460వ వంతే కదా అని తాగే నీళ్ళకు వాడొద్దు. ప్లాస్టిక్కులోకి ఇంకిన మందు ఈ లెక్కలోకి రాదు.

మీ అబ్బాయికి ఒక లెక్క ఇచ్చి ముగిస్తాను. పాల డెయిరీల్లో పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడి చేస్తారు. ఆ వేడి పాలు బయటికి వెళుతూ, పల్చటి స్టీలు రేకుల అవతల ఎదురుగా వస్తున్న చల్లటి పాలను వేడి చేసి పోతాయి. అతనికి ఇచ్చే లెక్క ఏమిటంటే, 90 డిగ్రీల వేడి నీళ్ళు లీటరు, 30 డిగ్రీల నీళ్ళు లీటరు ఉన్నాయి. రెండూ కలపకూడదు. స్టీలు గిన్నెలో పోసి ఇంకోదాంట్లో దించవచ్చు, అప్పుడు రెండూ ఒకే వేడికి వస్తాయి. గాలికి పోయే వేడిని, గిన్నె తినే వేడిని వదిలేయండి. మొత్తం లీటరును లీటరులో దించితే రెండూ 60 దగ్గర ఆగుతాయి. చల్లటి నీళ్ళు 60 దాటి, వేడివాటికంటే వేడెక్కేలా చేయగలడా? చల్లటి లీటరును రెండు సగాలు చేసుకుని, ఒకదాని తర్వాత ఒకటి వేడి నీళ్ళలో దించి, ఆఖర్న ఆ సగాలను కలిపితే 63.3 వస్తుంది, వేడివి 56.7కు దిగిపోతాయి. రెండు లీటర్లనూ సగాలు చేసుకుంటే చల్లటివి 67.5 దాకా పోతాయి. ఏ సగాన్ని ఏ సగంలో ఏ వరసలో దించాలో నేను చెప్పను. మూడు టబ్బులు అర్థమైతే అతనికి తట్టేస్తుంది.